సెకనుకు పది

ఇంట్లో వాళ్లంతా నేను కెమెరా కొన్నది ఫొటోల కోసమే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేను కొన్నది చప్పుడు కోసం. ఈ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, మీతోనే అంటున్నాను. బటన్ మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచితే టకటకటకటకమని కొట్టుకుంటుంది చూడండీ, అదీ ఆ చప్పుడు. విజయవాడలో పాత కెమెరాలు అమ్మే ఒక కొట్లో కుర్రాడు దాన్ని నా చేతిలో పెట్టి, "సెకనుకు పది ఫొటోలు సార్" అన్నాడు. నొక్కాను. కొట్లో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి నావైపు చూశారు. అంతే, బేరమాడటం మర్చిపోయాను. లెన్స్ అద్దం మీద గీతలున్నాయేమో చూసుకోవడం మర్చిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూడా ఊరుకోలేక సంచీలో చెయ్యి పెట్టి నొక్కాను. పక్క సీట్లో పెద్దావిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

ధర మా ఆవిడకి సగమే చెప్పాను. ఫోనో, చీరో, పిల్లలకి సైకిలో, ఏదో ఒకదాని ధర ఇంట్లో తగ్గించి చెప్పని మనిషి ఈ గోదావరికి ఇటుపక్కా లేడు, అటుపక్కా లేడు. కాబట్టి ఆ ఒక్కదానికీ మీరు నన్ను క్షమించేశారనే అనుకుంటాను. మిగతావి వినండి.

అప్పటికే నా దగ్గర ఒక కెమెరా ఉంది. అది సెకనుకు ఐదు తీసేది. పెళ్లిళ్లకీ, పాపికొండల లాంచీకీ, మేనకోడలి ఓణీల ఫంక్షనుకీ దానికి మించింది అక్కర్లేదు. ఈలోగా మా అమ్మాయి షటిల్ నేర్చుకోవడం మొదలెట్టింది. మా పక్క షటిల్ అంటే మామూలు విషయం కాదు. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిది మా అమలాపురమే. 2023లో జపాన్‌లో అతను కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో ప్రతి తండ్రీ కూతుర్నో కొడుకునో ఒకసారి తేరిపార చూసుకున్నాడు. నేనూ చూసుకున్నాను. అంతకుముందు 2016 ఆగస్టులో సింధు రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన మర్నాడు పేపర్లలో పడిన ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. రాకెట్ పైకెత్తి, కళ్లు కాక్ మీద నిలిపి, గాల్లో ఉన్న మనిషి. మా అమ్మాయిని అలా తియ్యాలి. సెకనుకు ఐదు తీసేదానితో ఆ క్షణం దొరకదు, పది తీసేదైతే దొరుకుతుంది. నా లెక్క అంతే. ఐదుకి రెట్టింపు పది గనక ఫొటో కూడా రెట్టింపు బాగుంటుందని నిజంగా నమ్మాను.

కెమెరాతోపాటు ఒంటినిండా జేబులున్న ఖాకీరంగు కోటు ఒకటి కొన్నాను, చేతుల్లేనిది. ఆ జేబుల్లో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేక ఒకదాంట్లో కళ్లజోడు గుడ్డ, ఒకదాంట్లో పల్లీ చెక్కీలు పెట్టుకున్నాను. ఆ కోటు వేసుకుని మా అమ్మాయి నేర్చుకునే అకాడమీ హాల్లో అడుగుపెట్టిన మొదటిరోజు ఎవరో, "పేపరు వాళ్లు వచ్చారు, దారివ్వండి" అన్నారు. కాదని చెప్పాల్సింది. దారిలోంచి నడుచుకుంటూ వెళ్లి కోర్టు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ హాలు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. కాక్ బరువు ఐదు గ్రాములు, దానికి పదహారు ఈకలు. ఏ కాస్త గాలి తగిలినా పక్కకి పోతుంది. అందుకని మ్యాచ్ నడిచినంతసేపూ ఫ్యాన్లు ఆపేస్తారు, తలుపులు మూసేస్తారు. మే నెలలో ఆ హాల్లో కూర్చున్నవాడికి ఒంట్లో నీరు మిగలదు. కెమెరా కంటికి ఆనించుకుంటే వ్యూఫైండర్ అద్దానికి ఆవిరి పడుతుంది. ఆడేవాళ్లు పైకి చూసినప్పుడు వెలుగు కళ్లల్లో కొట్టకూడదని లైట్లు కోర్టు నెత్తిన కాకుండా పక్కల్లో బిగిస్తారు. తెల్లటి కాక్ స్పష్టంగా కనపడాలని వెనక గోడకి ముదురు రంగు వేస్తారు. ఆటకి ఇవన్నీ మంచివే. ఫొటో తీసేవాడికి మాత్రం వీటిల్లో ఒక్కటీ కలిసిరాదు.

మన కంటికి ఆ హాల్లో బోలెడంత వెలుతురున్నట్టే ఉంటుంది. కన్ను తనంతట తాను సర్దుకుంటుంది. కెమెరాకి అది చేతకాదు. నా పొడవాటి జూమ్ లెన్స్‌ని పూర్తిగా ముందుకు లాగితే దాని అపర్చర్ ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. అంటే లోపలికి వెళ్లే వెలుతురు చాలా తక్కువ. అది చాలక కెమెరా షట్టర్‌ని సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉంచింది. అరవయ్యో వంతంటే వినడానికి రెప్పపాటే. కాని స్మాష్ కొట్టే చెయ్యి ఆ రెప్పపాటులోనే చాలా దూరం వెళ్లిపోతుంది. ఫొటోలో మా అమ్మాయి ముఖముంది, బూట్లున్నాయి, భుజం దగ్గర్నుంచి పొగ ఉంది. టకటకా కొట్టుకుంటూ సెకనుకు పది పొగలు తీసింది నా కెమెరా.

ఇండోర్ ఆటలు తీసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే పాఠం ఇదే. మనిషి కదలిక ఆగాలంటే సెకనులో 500వ వంతు షట్టర్ కావాలి, రాకెట్ కూడా ఆగాలంటే కనీసం 1000వ వంతు కావాలి. అంత తక్కువ సేపట్లో చాలినంత వెలుతురు రావాలంటే లెన్స్ బాగా తెరుచుకోవాలి. ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటుంటుంది. కంపెనీలు అమ్మే లెన్సుల్లో చవకైన వాటిల్లో అదొకటి. ఎఫ్ 5.6తో పోలిస్తే దాంట్లోకి దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. కొట్లో కుర్రాడు పాపం ఆరోజే చెప్పాడు, "సార్, హాల్లో అయితే ఇది తీసుకోండి" అని. చేతిలోకి తీసుకుని చూశాను. గుప్పిట్లో పట్టేసింది. ఇంత పొట్టి లెన్స్ పెట్టుకుని కోర్టు పక్కన కూర్చుంటే నన్నెవరు ఫొటోగ్రాఫర్ అనుకుంటారని తిరిగి ఇచ్చేశాను. మూరెడు పొడవున్నది తగిలించుకుని వచ్చాను. నాలాగా ఆలోచించేవాళ్లు ఎంతమందో ఉండబట్టే ఊళ్లలో పొడుగు లెన్సులు అమ్ముడుపోతున్నాయని నా గట్టి నమ్మకం.

లెన్స్ మార్చే బదులు ఐఎస్ఓ పెంచాను, అంటే ఉన్న వెలుతురునే కెమెరా ఎక్కువ చేసి చూపించేలా పెట్టాను. 6400 పెడితే షట్టర్ వేగం పెరిగింది గాని ఫొటో నిండా గరుకు. ఆ గరుకు పోవడానికి మెనూలో నాయిస్ తగ్గించే సదుపాయం ఉంటే దాన్ని ఆఖరిదాకా తోశాను. దాంతో కెమెరా పదిసార్లు కొట్టుకునేది కాస్తా నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోవడం మొదలెట్టింది. పాడైందనుకుని కొట్టువాడి మీద మండిపడ్డాను. తర్వాత తెలిసింది, తీసిన ప్రతి ఫొటోనీ కడిగి శుభ్రం చేసే పని కెమెరా లోపలి చిప్పు నెత్తినే పడుతుందని, ఆ పని పెరిగేకొద్దీ బరస్ట్, అంటే వరసగా కొట్టుకునే ఆ టకటక, కుంటుపడుతుందని. నేను పెట్టిన చాకిరీకి అది ఆగిపోయింది, అంతే.

ఆగిపోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, అదే బఫర్. గరాటులో నూనె పోస్తున్నాం అనుకోండి. పైన ఎంత ధారగా పోసినా కింద సీసాలోకి దిగేది గరాటు మూతి ఎంతుంటే అంతే. గరాటు నిండిపోతే పోసేవాడు చెయ్యి ఆపాల్సిందే. బఫరంటే ఆ గరాటు, మెమరీ కార్డు ఆ సీసా. నేను ఫొటోలు రా ఫైళ్లుగా, అంటే కెమెరా కడగకుండా పచ్చిగా దాచే పెద్ద ఫైళ్లుగా తీసేవాణ్ణి, ఎందుకంటే పెద్ద ఫొటోగ్రాఫర్లందరూ అలాగే తీస్తారని విన్నాను. నా కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 మెగాబైట్లు. పక్కనే జేపెగ్ కూడా ఉండాలని రెండూ పెట్టాను. సెకనుకు పదంటే రా ఒక్కటే 250 మెగాబైట్లు. కార్డు మీద 95 అని పెద్ద అంకె చూసి కొన్నాను. ఆ అంకె కార్డు లోంచి చదివే వేగం, దాని మీద రాసే వేగం కాదు. రాసే వేగానికి గ్యారంటీ ఇచ్చేది మూలన ఉండే చిన్న గుర్తులు. పదో క్లాసు అంటే కనీసం సెకనుకు 10 మెగాబైట్లు, వి30 అంటే 30, వి90 అంటే 90. నా కార్డు మీద ఉన్నది పదో క్లాసు. మరి గరాటు నిండక ఏమవుతుంది? రెండు సెకన్లు వీరవిహారం, ఆ తర్వాత ఎర్రదీపం వెలుగుతూ మౌనం. ర్యాలీ ఇరవై దెబ్బలు సాగితే నా కెమెరా మొదటి మూడు దెబ్బలకే చేతులెత్తేసేది. పాయింటు వచ్చిన దెబ్బ ఎప్పుడూ ఆ మౌనంలోనే పడేది.

ఇవేవీ చాలవన్నట్టు రంగుల గొడవ ఒకటి. ఒకే బరస్ట్‌లో ఒక ఫొటో తెల్లగా, తర్వాతది పసుపచ్చగా, ఆ తర్వాతది చీకటిగా వచ్చేవి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గనక ట్యూబులూ పాత స్టేడియం దీపాలూ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. వెయ్యో వంతులో తీసే ఫొటోకి తెలుస్తుంది. వెలుగు ఎగువన ఉన్నప్పుడు పడితే ఒక రంగు, దిగువన పడితే ఇంకో రంగు. ఈ తేడా కనిపెట్టి వెలుగు ఎగువకొచ్చినప్పుడే షట్టర్ కొట్టే సదుపాయం కొన్ని కెమెరాల్లో ఉంది. నా దాంట్లోనూ ఉంది. అది పెడితే సెకనుకు పది కాస్త తగ్గుతుందని పుస్తకంలో రాసి ఉంది. తగ్గడమా! ముట్టుకోలేదు.

ఇన్ని తెలిశాక కూడా నేను ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. పైగా అకాడమీలో పిల్లల తల్లిదండ్రులందరికీ ఫొటోలిస్తానని మాటిచ్చాను. రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని వేల ఫొటోలు తిరగేసేవాణ్ణి. ఒకసారి మా ఆవిణ్ణి పిలిచి చూపిస్తే ఓపిగ్గా చూసి, "ఏవండీ, అన్నీ ఒకటేగా, ఇందులో నేను దేన్ని చూడాలి?" అంది. ఒక్కో దానికీ పదో వంతు సెకను తేడా ఉందని వివరించాను. ఆవిడ లేచి పప్పు కుక్కరు దింపడానికి వెళ్లిపోయింది.

ఈ వేగం పిచ్చి నాతో పుట్టింది కాదు. 1882లోనే ఫ్రాన్స్‌లో మారే అనే శాస్త్రవేత్త తుపాకి ఆకారంలో ఒక కెమెరా చేసి, ఎగిరే పక్షుల మీదకి గురిపెట్టి సెకనుకు పన్నెండు బొమ్మలు తీశాడు. నేను గొప్పగా చెప్పుకున్న పది కంటే అది రెండెక్కువ. ఆయనకి కావలసింది రెక్క ఎలా ఆడుతుందో తెలుసుకోవడం, ఒక ప్రశ్న పెట్టుకుని తీశాడు. నా దగ్గర ప్రశ్న లేదు, అంకె ఉంది. 2016లో నికాన్ డి500 సెకనుకు పది ఇచ్చింది, మర్నాడు సోనీ ఎ9 ఇరవై ఇచ్చింది, 2023 చివర్లో అదే వరసలో మూడోది 120 దాకా వెళ్లింది. మర్నాడని పొరపాటున రాశాను, మరుసటి ఏడు. అయినా ఈ అంకెల వెంట పడ్డవాడికి ఏడాదైనా ఒక రోజులాగే గడుస్తుంది, రాసింది అలాగే ఉండనివ్వండి.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి నాలుక రావడం లేదు గాని చెప్పేస్తాను.

జిల్లా పోటీలు. సెమీఫైనల్. మూడో గేము. మా అమ్మాయి 19, అవతలి పాప 20. నేను అవతలి పాప వెనక మూలన, మా అమ్మాయికి ఎదురుగా కూర్చున్నాను. మోకాళ్ల మీద కెమెరా, ఒంటి మీద కోటు. మా వాళ్లంతా ఒకవైపు, ఆ పాప వాళ్లంతా ఒకవైపు. లైన్ చూడటానికి పెద్దవాళ్లు చాలక, ముందు రౌండులో ఓడిపోయిన పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. నా పక్క లైన్ మీద కూర్చున్నది పదమూడేళ్ల కుర్రాడు. సర్వీసు పడింది. ర్యాలీ మొదలైంది. అవతలి పాప కాక్‌ని పైకి లేపింది, మా అమ్మాయి వెనక్కి వెళ్లింది, ఎగిరింది, నేను బటన్ నొక్కాను, టకటకటకటక, కాక్ నావైపే దూసుకొచ్చింది, లైన్ దగ్గర పడింది, ఆ కుర్రాడు రెండు చేతులూ బారచాపి బయటని చూపించాడు, అంపైర్ స్కోరు చెప్పేశాడు, మ్యాచ్ అయిపోయింది, అవతలి పాప రాకెట్ పైకి విసిరింది.

నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. "ఆగండి, నా దగ్గర సాక్ష్యం ఉంది" అని గట్టిగా అరిచాను. బూట్లతో కోర్టులోకి నడిచాను, వెనకనుంచి ఎవరో "సార్, బూట్లు సార్" అంటున్నా వినకుండా నడిచాను, అంపైర్ కుర్చీ దగ్గరికి వెళ్లి కెమెరా పైకెత్తి "సెకనుకు పది ఫొటోలు తీస్తుంది ఇది, కాక్ లోపల పడింది, నేను చూపిస్తాను" అన్నాను. అంపైర్ పెద్దాయన, మర్యాదస్తుడు. "ప్రేక్షకులు లోపలికి రాకూడదండీ" అన్నాడు. నేను వినలేదు, తెర వెలిగించి బటన్ తిప్పాను, కార్డు ఇంకా రాసుకుంటోంది, ఎర్రదీపం ఆరలేదు, తెర మీద ఏమీ రాలేదు, హాలంతా నిశ్శబ్దం, నేను "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటున్నాను, చివరికి మొదటి ఫొటో వచ్చింది, అందులో మా అమ్మాయి గాల్లో ఉంది, రెండోదాంట్లో కాక్ ఫ్రేములోనే లేదు, మూడోదాంట్లో నెట్ మీద ఫోకస్ పడింది, నాలుగోదాంట్లో కాక్ ఒక తెల్లటి గీత, నేలకి జానెడు పైన, ఐదోదాంట్లో కాక్ నేల మీద పడి పక్కకి దొర్లిపోయి ఉంది. పడిన క్షణం లేదు. తిప్పాను, మళ్లీ తిప్పాను, ఆ నాలుగుకీ ఐదుకీ మధ్య ఇంకోటి దాక్కుని ఉంటుందేమోనని. లేదు. అప్పుడు నేను ఇంకా అన్యాయమైన పని చేశాను. ఆ లైన్ కుర్రాడి వైపు తిరిగి, "ఏరా, సరిగ్గా చూశావా అసలు?" అన్నాను. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూశానంకుల్ అనబోయాడు గాని గొంతు రాలేదు.

మా అమ్మాయి అప్పటికే అవతలి పాపతో చేతులు కలిపి, అంపైర్‌కి చెయ్యిచ్చి, సంచీ సర్దుకుని వెళ్లిపోతోంది. నావైపు చూడలేదు.

దారి పొడుగునా స్కూటర్ మీద వెనక కూర్చుని మాట్లాడలేదు. వంతెన దిగాక అంది, "అది బయటే పడింది నాన్నా. నాకు కనపడింది." నేను నోరు తెరిచేలోపు, "నీవైపే వచ్చింది కదా, నువ్వు చూళ్లేదా?" అని అడిగింది. వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది. నేను చూడలేదు. ఇలాంటి కెమెరాల్లో ఫొటో పడే ప్రతిసారీ లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ క్షణం వ్యూఫైండర్ చీకటైపోతుంది. కాక్ వస్తున్నంతసేపూ నా కన్ను ఆ చీకటీ వెలుగుల్లో కొట్టుమిట్టాడింది. హాల్లో ఉన్నవాళ్లందరిలో కాక్ పడిన చోటుకి అందరికంటే దగ్గరగా కూర్చుని, అది పడటం చూడని మనిషిని నేనొక్కణ్ణే.

ఆ రాత్రి కాగితం తీసి లెక్క కట్టాను. ఈ లెక్క కెమెరా కొనకముందు కట్టి ఉంటే బాగుండేది. 500వ వంతు షట్టర్‌తో సెకనుకు పది ఫొటోలు తీశాననుకుందాం. పదింటిలోనూ కలిపి షట్టర్ తెరుచుకుని ఉన్నది సెకనులో యాభయ్యో వంతు. మిగతా నలభై తొమ్మిది వంతులూ కెమెరా కళ్లు మూసుకునే ఉంది. స్మాష్ రాకెట్ నుంచి ఎంత వేగంతో బయల్దేరినా ఈకల వల్ల కాక్ త్వరగా నెమ్మదిస్తుంది, నేలకి చేరేటప్పటికి గంటకు 54 కిలోమీటర్లుందనుకుందాం. సెకనుకు 15 మీటర్లు. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మీటరున్నర వెళ్లిపోతుంది. కోర్టు మీద లైన్ వెడల్పు 40 మిల్లీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల తగువుని మీటరున్నర కొలబద్దతో తీర్చబోయాను. ఆ 120 తీసే కెమెరా నా చేతిలో ఉన్నా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య పన్నెండున్నర సెంటీమీటర్లు జారిపోయేది, అది మూడు లైన్ల వెడల్పు. సాత్విక్ కొట్టిన 565తోనైతే, అదే వేగం నిలిస్తే, పది ఫ్రేముల కెమెరాకి రెండు ఫొటోల మధ్య 15 మీటర్లకి పైనే. కోర్టు మొత్తం పొడవు 13.40 మీటర్లు. మొదటి ఫొటోలో కాక్ రాకెట్ మీద ఉంటే రెండోదాంట్లో కోర్టు దాటిపోయి ఉండాలి.

ఆ కుర్రాడు పొద్దున్నే ప్రాక్టీసుకి వస్తాడని తెలిసి వెళ్లాను. కోటు వేసుకోలేదు. "నాదే తప్పురా, నువ్వు సరిగ్గానే చూశావు" అన్నాను. వాడు బూట్ల లేసులు కట్టుకుంటూ తలొంచుకునే, "పర్లేదంకుల్" అన్నాడు. పిల్లలు అంత తేలిగ్గా పర్లేదంటే పెద్దవాళ్లకి నిలబడటం కష్టం. అంపైర్ పెద్దాయనకి కూడా ఫోన్ చేసి చెప్పుకున్నాను.

మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపిన మాస్టారొకాయన ఉన్నారు. రీలు కెమెరా రోజుల్లో జిల్లా పోటీలన్నీ ఆయనే తీసేవారు. అంతకాలం నేను ఆయన దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం మీకు చెప్పక్కర్లేదు, నా కెమెరా ఆయనదానికంటే కొత్తది. వెళ్లి జరిగిందంతా చెప్పాను. నవ్వలేదాయన. "ఏమయ్యా, మాకు రోలుకి ముప్ఫై ఆరే. సెకనుకు ఐదు లాగే మోటారు అప్పట్లోనూ ఉండేది. పెట్టామా, ఏడు సెకన్లలో రోలు ఖాళీ, సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుకని ఆట చూసేవాళ్లం" అన్నారు. ఎలా చూడాలో కూడా చెప్పారు. కాక్ వెంట పడకు, అది నీకు అందదు, మనిషిని పట్టుకో. అవతలివాళ్లు కాక్‌ని ఎత్తుగా, పొట్టిగా లేపారంటే ఇవతల స్మాష్ వస్తుంది. భుజం వెనక్కి తిరుగుతుంది, ఎడం చెయ్యి పైకి లేస్తుంది. ఆ చెయ్యి లేచినప్పుడు ఊపిరి బిగబట్టు, అది కిందికి దిగడం మొదలవగానే నొక్కు. దెబ్బ తగలడం నీ వ్యూఫైండర్‌లో కనపడిందంటే అది ఫొటోలో పడనట్టే లెక్క.

ఆ చివరి మాట నాకు ఇంటికి వచ్చాక గాని బోధపడలేదు. అద్దం లేచి చీకటైన క్షణమే ఫొటో అయ్యే క్షణం. తీసినవాడికి కనపడనిదే ఫొటోలో ఉంటుంది. కాబట్టి ముందే తెలిసి ఉండాలి, తెలియాలంటే ఆట తెలియాలి, మా అమ్మాయి ఎప్పుడు స్మాష్ కొడుతుందో ఎప్పుడు డ్రాప్ వేస్తుందో తెలియాలి. వేలకి వేలు ఫొటోలు తీశాను గాని, మా అమ్మాయి డ్రాప్ వేసేముందు మణికట్టు కాస్త మెత్తబడుతుందని ఆమె ఆట మొదలెట్టిన ఇన్నాళ్లకి మొదటిసారి చూశాను.

పొట్టి లెన్స్ కొన్నాను. ఈసారి మా ఆవిడకి ధర సరిగ్గా చెప్పాను, పాత ధర కూడా అప్పుడే చెప్పేశాను. ఆమెకి ఎప్పుడో తెలుసట, బిల్లు ఆ కోటు జేబులోనే దొరికిందట. ఇప్పుడు నా పద్ధతి ఇది. ఎఫ్ 2 దగ్గర పెట్టి, షట్టర్ 800వ వంతు, ఐఎస్ఓ 3200. నాయిస్ తగ్గించేది ఆపేశాను, ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్ చేసుకుంటుంది. రా మానేసి జేపెగ్ ఒక్కటే. తెలుపు రంగు ఆటోకి వదలకుండా హాల్లో ఒక తెల్లకాగితం చూపించి సరిచేస్తాను. మినుకు కనిపెట్టే ఆ సదుపాయం పెట్టాను, సెకనుకు పది తగ్గితే తగ్గనీ. ఫోకస్ ఒకసారి పట్టి ఆగేది కాకుండా మనిషి వెంట వెళ్లేది ఎంచుకుని, నడిమి బిందువొక్కటే ఉంచాను. నెట్ అడ్డురాకుండా కోర్టు పక్కన, నెట్ స్తంభం దాటి కూర్చుంటాను. ఫ్లాష్ ఎలాగూ కూడదు, ఆడేవాళ్ల కళ్లు చెదురుతాయి, పైగా అది మళ్లీ చార్జి అయ్యేలోపు బరస్ట్ ఆగుతుంది. సర్వీసు పూర్తయ్యేదాకా బటన్ ముట్టుకోను, ఆ చప్పుడు సర్వ్ చేసే పిల్లల చెవిన పడకూడదు. ర్యాలీలో నొక్కినా రెండు మూడుకి మించదు.

మొన్న వీటిల్లో ఒకటి మా అమ్మాయికి చూపించాను. గాల్లో ఉంది, రాకెట్ వెనక ఉంది, కాక్ నుదుటికి పైన జానెడు దూరంలో ఆగి ఉంది, ఈకలు లెక్కపెట్టొచ్చు. ఇన్నాళ్లూ నేను కలగన్న ఫొటో అదే. ఆమె ఫోన్‌లో దాన్ని పెద్దది చేసి, కాక్ వైపు చూడనైనా చూడకుండా కిందికి జరుపుకుంటూ వెళ్లింది. "నాన్నా, ఎడం చెయ్యి చూడు, అప్పుడే కిందికి పడిపోయింది. కోచ్ సార్ రోజూ అదే అంటారు, నాకు తెలిసేది కాదు. ఇలాంటివి ఇంకా కావాలి. పక్కనుంచి కాదు, వెనకనుంచి తియ్యి. పాదాలు కూడా పడాలి. కొట్టాక కాదు, కొట్టేముందు." రేపు పొద్దున ఆరింటికి ప్రాక్టీసు. వెనక గోడ దగ్గర వెలుతురు పక్కల కంటే తక్కువ గనక ఐఎస్ఓ కొంచెం పెంచాలి.